షుగర్ మాత్ర కరగకుండా మలంలో వచ్చేస్తోంది... మందు పనిచేస్తున్నట్టా, లేనట్టా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. షుగర్‌కి రోజూ రాత్రి భోజనంతో మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ 1000 వేసుకుంటారు. ఈ మధ్య రెండు మూడుసార్లు మలంలో తెల్లగా మాత్రలాంటిదే కనిపించిందట. ఒంట్లో కరగడం లేదని ఇప్పుడు దాన్ని నలగ్గొట్టి, నీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. పర్వాలేదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ నలగ్గొట్టడం ఇవాళే మాన్పించండి.

బయటికి వచ్చింది మందు కాదండీ, మందుని పట్టి ఉంచే పదార్థం. ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ (అంటే మందుని నెమ్మదిగా వదిలే రకం) అని రాసి ఉండే మెట్‌ఫార్మిన్ మాత్రల్లో చాలావాటిని హైప్రోమెల్లోస్ అనే పాలిమర్‌తో చేస్తారు. కలప గుజ్జు, దూది నుంచి తీసిన సెల్యులోజే దీనికి ముడిసరుకు. కడుపులో నీరు తగలగానే ఇది సబ్జా గింజలాగా ఉబ్బి చుట్టూ జిగురు పొర కడుతుంది, ఆ పొరలోంచి మందు గంటల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తూ రక్తంలో కలుస్తుంది, పాలిమర్‌ని మాత్రం మన పేగులు అరిగించుకోలేవు, పీల్చుకోలేవు. అందుకే చివరికి ఆ ఖాళీ ముద్ద మాత్ర ఆకారంలోనే వచ్చేస్తుంది. చూస్తే టెన్షన్ పడటం సహజమే. డబ్బాలో పెట్టే కాగితంలో ఈ సంగతి ఉన్నా, ఆ చీమ తలకాయంత అక్షరాలు ఎవరు చదువుతారు!

నలగ్గొడితే ఆ ఏర్పాటంతా పోతుంది. రాత్రంతా నెమ్మదిగా రావాల్సిన 1000 మిల్లీగ్రాములూ ఒకేసారి వచ్చి పడి వికారం, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకోవచ్చు. మెట్‌ఫార్మిన్‌తో చాలావరకు అంతటితో సరిపోతుంది గానీ, ఇదే అలవాటు ఎక్స్‌ఆర్ రకం బీపీ మాత్రల మీద చూపిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. నమలడం కూడా వద్దు.

మందు పనిచేస్తోందో లేదో మలం చూసి తేల్చలేం. పరగడుపు షుగర్, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూడండి. అవి అదుపులో ఉంటే ఆ తెల్ల ముద్దని పట్టించుకోనక్కర్లేదు. అంకెలు పెరుగుతున్నా, చాలా రోజులుగా విరేచనాలు అవుతున్నా, ఇదివరకు పేగులకి ఆపరేషన్ జరిగి ఉన్నా, మాత్ర ఉబ్బకుండా గట్టిగా వేసుకున్నది వేసుకున్నట్టే వస్తున్నా మీ డాక్టరుకి చెప్పండి. ఇంకోటి, కనిపించేవి చిన్న చిన్న తెల్లటి ముక్కలై, కదులుతున్నట్టు అనిపిస్తే అది మాత్ర కాదు, బద్దెపురుగు కావచ్చు, మలపరీక్ష చేయించాలి.

అసలు నాన్నగారికి అంత పెద్ద మాత్ర మింగడమే కష్టమైతే ఆ మాట డాక్టరుతో అనండి, రెండు పూటలా వేసుకునే మామూలు మెట్‌ఫార్మిన్‌కి మార్చే వీలుంది.