గుర్తింపు రాని కీబోర్డు కళాకారుల్లో మీ అభిమాన వాద్యకారుడు ఎవరు? ఎందుకు?

నికీ హాప్కిన్స్. 1944లో లండన్‌లో పుట్టిన సెషన్ పియానిస్టు, అంటే ఇతరుల రికార్డింగులకు పిలిస్తే వెళ్ళి వాయించే వాద్యకారుడు. పేరు కొత్తగా అనిపించినా ఆయన వాయించినది ఎక్కడో ఒకచోట మీ చెవిన పడే ఉంటుంది. 1999లో ఆపిల్ వాళ్ళు రంగురంగుల ఐమ్యాక్‌ కంప్యూటర్ల ప్రకటనకు ఇంగ్లీషు రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ పాట ‘షీ ఈజ్ ఎ రెయిన్‌బో’ను వాడుకున్నారు. 1967 నాటి ఆ పాటలో పైస్థాయిలో గిరగిరా తిరిగే పియానో ఈయనదే. పాట స్టోన్స్‌దని అందరికీ తెలుసు, పియానో ఎవరిదని అడిగేవాళ్ళు తక్కువ.

నా ఇష్టానికి వేరే కారణం ఉంది. నేను చాలా కాలం పెళ్ళిళ్ళకూ చవితి పందిళ్ళకూ వెళ్ళే ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను. పాట మొదట్లో వచ్చే బిట్టు సరిగ్గా పలికితే జనం చప్పట్లు కొడతారు. కాని అది కాస్త సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది. గాయకుడు చరణం అందుకున్నాక వెనక ఏమి వాయించాలన్నదే అసలు కష్టం. ఎక్కువ వాయిస్తే గొంతు మీద పడతాం, చేతులు తీసేస్తే పాట బోసిపోతుంది. ఈ లెక్క నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. హాప్కిన్స్‌ను విని పట్టుకున్నదే.

1973లో వచ్చిన స్టోన్స్ పాట ‘ఆంజీ’ వినండి. వాళ్ళ గాయకుడు మిక్ జాగర్ ఒక పంక్తి పాడి ఊపిరి తీసుకునే చోట పియానో నాలుగు స్వరాలు జారవిడిచి తప్పుకుంటుంది. మళ్ళీ గొంతు మొదలయ్యేసరికి అక్కడ ఉండదు. ఆ నాలుగు స్వరాలు కూడా రెండోసారి అలాగే రావు, మాటల్లోని దిగులు పెరిగేకొద్దీ మారుతుంటాయి. బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్ పాట ‘జెలస్ గై’ (1971)లో హాప్కిన్స్ ఇదే పని ఇంకా మెత్తగా చేశాడు. నా వరకు ఆయన వాయించిన వాటిలో అదే అన్నిటికన్నా గొప్పది. ఆర్కెస్ట్రా రోజుల్లో దాన్ని కీబోర్డు మీద అచ్చంగా దించాలని కూర్చున్నాను. స్వరాలన్నీ దొరికాయి, కష్టమైనవేమీ కావు. ఆ మెత్తదనం మాత్రం దొరకలేదు. ఏ మెట్టు మీద ఎంత బరువు వేయాలో ఏ నొటేషనూ చెప్పదు కదా.

అలాగని ఎప్పుడూ మెత్తగా వాయించే మనిషనుకోకండి. బీటిల్స్ 1968లో సింగిల్‌గా విడుదల చేసిన ‘రెవల్యూషన్’లో గిటార్లను కావాలనే బరబరలాడేలా రికార్డు చేశారు. ఆ గోల మధ్యలో ఎలక్ట్రిక్ పియానోతో దూసుకొచ్చేది హాప్కిన్సే. అదే ఏడాది వచ్చిన స్టోన్స్ పాట ‘సింపతీ ఫర్ ద డెవిల్’ ఇంకా మంచి ఉదాహరణ. ఆ పాట రికార్డింగ్‌ను ఫ్రెంచి దర్శకుడు గొదార్ సినిమాగా తీశాడు. మొదట నెమ్మదిగా, కాస్త నీరసంగా నడిచిన పాట సాంబా దరువులోకి ఎలా మారిందో అందులో కళ్ళారా చూడవచ్చు. పూర్తయిన పాటలో తాళవాద్యాల తర్వాత చేరిన పియానో పోనుపోను ఎంత గట్టిగా మోదుతుందో గమనించండి. గిటారు సోలో వచ్చేదాకా పాటను మోసేది అదే.

ఇంత పనితనం ఉన్నవాడు సొంత బృందం పెట్టుకుని వేదికల మీద ఎందుకు వెలగలేదని అడగవచ్చు. అందులో ఆరోగ్యం పాత్ర పెద్దది. రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో శాస్త్రీయ పియానో నేర్చుకుని, కుర్రతనంలోనే రాక్ బృందాల్లో చేరాడు. 1963లో పేగులకు వచ్చే క్రోన్స్ వ్యాధితో ఆసుపత్రిలో చేరి, వరుస శస్త్రచికిత్సలతో ఏడాదిన్నరకు పైగా అక్కడే ఉండిపోయాడు. ఊరూరా తిరిగే కచేరీలు ఆ ఒంటికి భారమే. అందుకే స్టూడియో పని చేతికి వచ్చింది. అయినా బొత్తిగా తిరగలేదని కాదు. 1969లో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందంతో వాయించాడు, ఆ తర్వాత కొన్నేళ్ళు స్టోన్స్ పర్యటనల్లోనూ ఉన్నాడు. 1994లో, యాభయ్యో ఏట, నాష్‌విల్‌లో చనిపోయాడు.

రెండో కారణం సెషన్ పద్ధతే. పిలిచిన పూటకు కూలి, పాట ఎంత ఆడినా అందులో వాటా ఉండదు. కింక్స్ బృందం 1966లో ‘సెషన్ మ్యాన్’ అని ఒక పాటే కట్టింది. ఇచ్చిన కాగితం చూసి వాయించి డబ్బు తీసుకుని వెళ్ళిపోయే వాద్యకారుడి మీద వెటకారం అది. తమాషా ఏమిటంటే దాని ఆరంభంలో హార్ప్సికార్డ్ (పియానోకు ముందరి తరం కీబోర్డు వాద్యం) వాయించింది హాప్కిన్సే! మన దగ్గరా ఇంతే. సినిమా పాటల కేసెట్ అట్ట మీద గాయనీగాయకులు, రచయిత, సంగీత దర్శకుడు ఉండేవారు. మనం నోటితో కూనిరాగం తీసే ఇంటర్లూడ్‌ను నిజంగా పలికించిన మనిషి పేరు కోసం ఆ అట్టలు తిప్పితిప్పి చూసిన అలవాటు నాకు ఉంది. చాలా వాటి మీద కనిపించేది కాదు.

తోటి సంగీతకారులు ఆయనను తక్కువ చూశారని మాత్రం అనలేం. బీటిల్స్ విడిపోయాక నలుగురూ ఎవరికి వారు చేసిన రికార్డుల్లోనూ ఈయన ఉన్నాడు, ఇంతకంటే యోగ్యతాపత్రం ఏముంటుంది? రాక్ సంగీతకారులను సత్కరించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారికే ఆయనను చేర్చుకునే తెలివి రావడానికి 2025 దాకా పట్టింది.

సొంత ఆల్బమ్ ‘ద టిన్ మ్యాన్ వాజ్ ఎ డ్రీమర్’ (1973) గురించి కూడా అడుగుతారని తెలుసు. అభిమానిగా కాస్త ఇబ్బందితోనే చెబుతున్నాను, గొంతు పల్చన, పాటలు ఓ మాదిరి. దాని బదులు క్విక్‌సిల్వర్ మెసెంజర్ సర్వీస్ బృందంతో 1969లో చేసిన ‘ఎడ్వర్డ్, ద మ్యాడ్ షర్ట్ గ్రైండర్’ వినండి. ఎడ్వర్డ్ అంటే ఆయన ముద్దుపేరు. తొమ్మిది నిమిషాలకు పైగా, గాయకుడు లేడు, తప్పుకోవలసిన పని లేదు. కాని దానితో మొదలుపెట్టకండి. ముందు ‘ఆంజీ’, ‘జెలస్ గై’ విని, ఇతరుల పాటల్లో ఆయన తన చేతులను ఎంతగా అదుపులో పెట్టుకున్నాడో తెలిశాక వినండి.