రీ: అమ్మ చీలమండ ఇంకా అతకలేదు, షుగర్ వల్లేనా?

షుగర్ వల్ల కావచ్చండీ, కానీ అదొక్కటే అనుకోకండి. మూడు నెలలైనా అతకలేదు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.8 ఉందన్నారు కదా, చక్కెర అంత ఎక్కువగా ఉంటే కొత్త ఎముకను కట్టే కణాలు మందగిస్తాయి, సన్నటి రక్తనాళాలు కూడా దెబ్బతిని ఉంటే విరిగిన చోటికి రక్తం సరిగ్గా అందదు, అందుకే ఆలస్యం.

నాకు టెన్షన్ పెట్టింది మాత్రం "నొప్పి లేదు కదా అని నడిపిస్తున్నాం" అన్న మీ మాట. పాదాల్లో తిమ్మిర్లు కూడా ఉన్నాయంటున్నారు. నరాలు దెబ్బతింటే నొప్పి తెలియదు, అలాగే నడిస్తే ఎముకలు పక్కకు జరిగి పాదం ఆకారమే మారిపోవచ్చు, దాన్నే షార్కో ఫుట్ అంటారు. ఎక్స్‌రే చూసి డాక్టర్ సరే అనేదాకా ఆ కాలి మీద బరువు మోపనివ్వకండి. పాదం ఎర్రగా, వేడిగా వాచిందా, ఆ రోజే చూపించండి.

పుత్తూరు కట్టు (విరిగిన ఎముకలకు వేసే నాటు కట్టు) గురించి అడిగారు, ఇప్పుడైతే వద్దు. స్పర్శ లేని కాలికి కట్టు బిగుతై పుండు పడినా ఆవిడకి తెలియదు.

షుగర్ తగ్గాలని కడుపు మాడ్చకండి. గుడ్డు, పప్పు, పెరుగు పెట్టండి, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగే. విటమిన్ డి పరీక్ష చేయించారా? ఇంకోటి, షుగర్ మందుల్లో పయోగ్లిటజోన్ అనేది ఉందేమో చూడండి, ఆడవాళ్లలో అది ఎముకలు విరిగే ముప్పు పెంచుతుంది. ఉంటే డాక్టర్‌కి చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.