యాప్‌లో పచ్చ టిక్కు, టెర్మినల్‌కి పచ్చ చిలుము

ప్రశ్న: రెండు నెలలు వాడకుండా ఉంచిన మా పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్ స్టార్ట్ కావట్లేదు. ఫోన్ యాప్‌లో అన్నీ పచ్చ టిక్కులే. సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఊరుకుంటోంది. ఒక్కోసారి తిరుగుతుంది గానీ అందుకోదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుందా? నెట్‌లో మోటార్ లోపాలు వెతికే డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరికింది. యాంటీవైరస్ ఆపి వేసుకోమంటోంది. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఈ సీజన్‌లో ఇలాంటి మెయిల్ ఇది ఐదోది. ఐదింట్లోనూ యాప్ స్క్రీన్‌షాట్ ఉంది. బ్యాటరీ టెర్మినల్ ఫొటో మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

ఫోనుకీ మోటార్‌లోని కంప్యూటర్‌కీ మాట కలిసిందని తప్ప ఆ పచ్చ టిక్కుకి వేరే అర్థం లేదు. ఆ మాటకి పట్టే కరెంటు చాలా తక్కువ. ఇంజిన్ తిప్పడానికి పెద్ద మోటార్లలో వంద ఆంపియర్లు దాటుతుంది. అందుకే తెర వెలుగుతుంది, ఇంజిన్ కదలదు. బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టి, పక్కనున్నవాళ్లని సెల్ఫ్ కొట్టమనండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించి, కొట్టగానే 9కి జారితే లోపం చాలావరకు బ్యాటరీదే. జారకుండా నిలబడి ‘టక్’మంటే కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. టెర్మినల్ విప్పి చూడండి. ఉప్పునీటి పడవల్లో నట్టు పైకి మెరుస్తూనే ఉంటుంది, దాని కింద పచ్చటి చిలుము పొరకట్టి ఉంటుంది. గీకి బిగించండి. చేత్తో తిప్పే రెక్కల నట్టయితే కుదుపులకి వదులవుతుంది, స్పానర్‌తో బిగించేది వేయండి.

తిరిగినా అందుకోనప్పుడు ముందు ఎర్ర తాడు చూడాలి, అంటే నడిపేవాడు పడిపోతే ఇంజిన్ ఆపేసే కిల్ స్విచ్ తాడు. గేరులో ఉంటే సాధారణంగా సెల్ఫే తిరగదు కాబట్టి న్యూట్రల్‌లో ఉందా అని నేను అడగను. కిల్ స్విచ్ క్లిప్ సరిగ్గా కూర్చోకపోతే చాలా మోటార్లు గిరగిరా తిరుగుతాయి గానీ స్పార్క్ రాదు. తర్వాత ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి, గొట్టం మధ్యలోని రబ్బరు బుడ్డని బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని పిసకండి. ఎంతకీ గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, కనెక్టర్‌లోని రబ్బరు రింగు చూడండి. నొక్కుకుపోయి మళ్లీ లేవకపోతే అడ్డం ట్యాంకు వైపు ఉంది.

పాత పెట్రోల్ మీదా నాకు అనుమానమే. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమని పీలుస్తుంది. అది మితిమీరితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి, పెట్రోల్ తోడే గొట్టం ఉండేదీ అక్కడే. గాజు సీసాలో కాస్త పట్టి కదపకుండా ఉంచితే రెండు పొరలూ కంటికే కనిపిస్తాయి.

ఇప్పుడు నన్ను నిజంగా కంగారు పెట్టిన సంగతికి వస్తాను. యాంటీవైరస్ ఆపమనే ఇన్‌స్టాలర్ ఏ పని మీద వచ్చిందో అదే చెప్పేసింది. ఆ ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు పాస్‌వర్డులుంటాయి. కేబుల్ తగిలిస్తే ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌నీ ఆ సాఫ్ట్‌వేర్ మార్చేయగలదు. ఇంజిన్, మీటర్లు, మ్యాప్ తెర మాట్లాడుకునే నెట్‌వర్క్ చాలా పడవల్లో ఎన్‌ఎమ్‌ఈఏ 2000. దాని పునాది కార్ల కోసం బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన క్యాన్ బస్ అనే తీగల వ్యవస్థ. సందేశం పంపినవాడు నిజంగా వాడేనా అని అడిగే ఏర్పాటు అందులో లేదు, తీగ మీదికి ఎక్కినవాడి మాటే చెల్లుతుంది. ఒకప్పుడు తీగ ముట్టుకోవాలంటే పడవెక్కాలి. ఇప్పుడు ఆ నెట్‌వర్క్‌ని ఫోనుకి కలిపే వైఫై గేట్‌వే పెట్టె తగిలించి, పెట్టెతో వచ్చిన పాస్‌వర్డే ఉంచేస్తున్నారు. పక్క పడవలో కూర్చున్నవాడికి అది చాలు.

అప్‌డేట్ కూడా ఇప్పుడొద్దు. నీరసపడ్డ బ్యాటరీ మధ్యలో చేతులెత్తేస్తే కంప్యూటరే మూగబోవచ్చు.

ఈ యాప్‌లు రాసేవాళ్లనీ ఒక మాట అనాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ ఎంతకి పడిందన్న ఒక్క అంకె పెద్ద అక్షరాల్లో చూపిస్తే నాకు సగం మెయిల్స్ రావు. బదులుగా ప్రయాణాన్ని స్నేహితులతో పంచుకునే బటన్ పెట్టారు. పడవ ఒడ్డు దాటితే కదా!

ఆ ఫైలు ఇప్పటికే దిగి ఉంటే తీసేయండి. తెరిచి ఉంటే మాత్రం పాస్‌వర్డులన్నీ వేరే పరికరం నుంచి మార్చండి, ఈ రోజే.