5.9 కమిన్స్ ట్రక్కుకి ట్యూనర్ కంటే ముందు ఏ గేజ్‌లు?

5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్ ఉన్న 2006 డాడ్జ్ రామ్ ట్రక్కుకి ట్యూనర్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి శక్తి పెంచే పరికరం) కొనేముందు ఏ గేజ్‌లు పెట్టాలని అడిగారు. మొదట పైరోమీటర్, అంటే ఎగ్జాస్ట్ వేడి చూపించేది. ట్యూనర్ డీజిల్ ఎక్కువ పోయిస్తుంది, దానికి తగ్గ గాలి అందకపోతే వేడి పెరిగి అల్యూమినియం పిస్టన్లు కరుగుతాయి. దాని ప్రోబ్‌ను టర్బోకి (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనే (సిలిండర్ల పొగ కలిసే గొట్టం) బిగించండి. టర్బో దాటాక రీడింగ్ వందల డిగ్రీలు తక్కువ చూపించి మోసం చేస్తుంది. ట్రైలర్ లాగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు 1250 ఫారెన్‌హీట్ దగ్గరపడితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాల్సిందే.

తర్వాత బూస్ట్ గేజ్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి చూపించేది. ఆటోమేటిక్ అయితే ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) టెంపరేచర్ గేజ్ కూడా తప్పనిసరి, ఎందుకంటే పెరిగిన టార్క్‌కి (తిప్పే బలానికి) ముందు చేతులెత్తేసేది అదే.

ట్యూనర్‌లో హార్స్‌పవర్ లెక్క కాదు, టోయింగ్ ట్యూన్ (ట్రైలర్ లాగేందుకు తగ్గ సెట్టింగ్) ఉందా చూడండి. పొగ నియంత్రణ పరికరాలను పనిచేయకుండా చేసే ట్యూనర్లు మాత్రం అమెరికా చట్టం ప్రకారం నిషిద్ధం.