సీఎస్‌ఈ చదువుతున్న అమ్మాయి.. ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ అంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. వచ్చే ఏడాది క్యాంపస్ ప్లేస్‌మెంట్లు. ఇప్పుడేమో ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తాను, అక్కడ మెషీన్ లెర్నింగ్‌కి బోలెడు పని ఉంది అంటోంది. బంధువులకి చెబితే ‘జ్యోతిషం చదువుతుందా?’ అని నవ్వుతున్నారు. ఈ చదువు కూడు పెడుతుందా? అటు సాఫ్ట్‌వేర్ పోయి ఇటు సైన్సూ అందక రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పెళ్లి సంగతి కూడా ఆలోచించాలి కదా.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: బంధువుల సంగతి వదిలేయండి. ఆ జోకు ఖగోళశాస్త్రం చదివిన ప్రతివాళ్లూ ఒకసారైనా విన్నదే. మీ అమ్మాయి చెప్పిన మాట మాత్రం నిజం. కాకపోతే సగమే చెప్పింది.

నిజమైన సగం ఇది. చిలీ దేశంలో ఓ కొండమీద కట్టిన వెరా రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తన మొదటి ఫొటోలు విడుదల చేసింది. దాని కెమెరా 3,200 మెగాపిక్సెళ్లది. ఒక్క రాత్రికి దాదాపు 20 టెరాబైట్ల డేటా వస్తుంది. ఆకాశంలో నిన్న లేనిది ఇవాళ కనిపించినా, ఒక నక్షత్రం వెలుగు కాస్త పెరిగినా తగ్గినా ఒక అలర్ట్ వెళ్తుంది. పూర్తిస్థాయిలో పనిచేసేటప్పుడు అలాంటివి రాత్రికి కోటి దాకా ఉంటాయని అంచనా. కోటి అలర్ట్‌లు కూర్చుని చూసే మనుషులు ఎక్కడ దొరుకుతారు? అందుకే అక్కడ కోడ్ రాసేవాళ్లతో, డేటా జల్లెడ పట్టేవాళ్లతో అంత అవసరం. నిజానికి ఈ డేటా పని ఖగోళశాస్త్రానికి కొత్తదేమీ కాదు. మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో గత శతాబ్దం మొదట్లోనే గాజు పలకల మీద ఫొటోలు తీసి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి, అంతర్జాతీయ కేటలాగ్‌కి పంపారు. అప్పుడు చేత్తో కొలిచారు, ఇప్పుడు కోడ్‌తో కొలుస్తున్నారు.

ఇక చెప్పని సగం. ఈ రంగంలోకి వెళ్లే గేటు మీద మెషీన్ లెర్నింగ్ అని రాసి ఉండదు, ఫిజిక్స్ అని రాసి ఉంటుంది.

ఇది ఊరికే చెబితే పిల్లలకి ఎక్కదు, అందుకని ఒక సంగతి చెబుతాను. నిరుడు ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఇదే కోరికతో నా దగ్గరికి వచ్చాడు. వస్తూనే ల్యాప్‌టాప్ తెరిచి, ‘మోడల్ యాక్యురసీ 97 శాతం సార్’ అన్నాడు. అది పల్సర్ల డేటాసెట్. ఒక సంకేతం పల్సర్‌దా కాదా అని తేల్చే ప్రోగ్రామే అతని మోడల్. పల్సర్ అంటే గిరగిరా తిరుగుతూ దీపస్తంభంలా రేడియో తరంగాలు విసిరే చిన్న, బరువైన నక్షత్రం. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్ సర్వే నుంచి తయారుచేసిన ఆ డేటాసెట్ పేరు హెచ్‌టీఆర్‌యూ2, ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందులో 17,898 సంకేతాలుంటే, నిజమైన పల్సర్లవి 1,639 మాత్రమే. మిగతావన్నీ ఉత్త గోల.

‘బాబూ, నువ్వు ఏ మోడలూ రాయకుండా అన్నింటికీ పల్సర్ కాదు అని కొట్టేస్తే యాక్యురసీ ఎంత వస్తుంది?’ అని అడిగాను. లెక్క వేశాడు. 90.8 శాతం! కుర్రాడి ముఖం కాస్త వాడింది. తెలివైనవాడే, వెంటనే అర్థం చేసుకున్నాడు. అసలు చూడాల్సింది 1,639లో ఎన్ని వదిలేశామన్నది. ఇంతవరకూ డేటా సైన్స్ తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారు. తరవాతి ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఆ టేబుల్లో 8 కాలమ్‌లుంటాయి. నాలుగు పల్స్ ఆకారం గురించి, మిగతా నాలుగు ‘డీఎం’ అనే దాని గురించి. ‘ఈ డీఎం అంటే ఏమిటి?’ అన్నాను. ‘ఫీచర్ సార్’ అన్నాడు. అంటే అతనికి అది టేబుల్లో ఒక కాలమ్, అంతే.

ఆ ఫీచర్‌లోనే కథంతా ఉంది. పల్సర్ సంకేతం మన దాకా రావాలంటే నక్షత్రాల మధ్య చోటులోంచి రావాలి. అక్కడ ఎలక్ట్రాన్లుంటాయి. వాటి మూలంగా ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం ముందు చేరుతుంది, తక్కువ ఫ్రీక్వెన్సీది వెనకబడుతుంది. ఎంత వెనకబడిందో కొలిచేదే డీఎం, అంటే డిస్పర్షన్ మెజర్. పక్క ఊరి సెల్ టవరో, ఎయిర్‌పోర్ట్ రాడారో చేసే గోల ఆ దారంతా రాలేదు కాబట్టి అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒక్కసారే చేరతాయి, దాని డీఎం సున్నా దగ్గర ఉంటుంది. నిజమైన పల్సర్‌ని, సెల్ టవర్‌ని విడదీసే గీత అదన్నమాట. ఇది తెలిసినవాళ్లకి మోడల్ ఎక్కడ పొరపడుతుందో ముందే తెలుస్తుంది, తెలియనివాళ్లకి 97 శాతం ఒక్కటే కనిపిస్తుంది.

అలాగని కంప్యూటర్ వాళ్లకి అక్కడ చోటు లేదనుకోకండి. 2017లో క్రిస్టఫర్ షాల్యూ అనే గూగుల్ ఇంజినీరు, ఆండ్రూ వాండర్‌బర్గ్ అనే ఖగోళశాస్త్రవేత్త కలిసి గ్రహాలు వెతికిన కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ పాత డేటా మీద న్యూరల్ నెట్‌వర్క్ అనే మెషీన్ లెర్నింగ్ మోడల్ నడిపి, అంతకుముందు ఎవరి కంటా పడని కెప్లర్-90ఐ అనే గ్రహాన్ని పట్టుకున్నారు. దాంతో ఆ నక్షత్రానికి మన సూర్యుడిలాగే 8 గ్రహాలున్నాయని తేలింది. నాకు నచ్చింది ఆ తరవాత జరిగింది. షాల్యూ హార్వర్డ్‌లో ఖగోళశాస్త్రం పీహెచ్‌డీలో చేరాడు. గూగుల్‌లో మెషీన్ లెర్నింగ్ చేసిన మనిషికి కూడా ఆ చదువు అవసరమనిపించింది.

ఇప్పుడు దారుల గురించి. మన దేశంలో ఈ పని జరిగే ముఖ్యమైన చోట్లు పుణెలో ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ, బెంగళూరులో ఐఐఏ, రామన్ ఇన్‌స్టిట్యూట్, ఐఐఎస్‌సీ, నైనిటాల్‌లో ఏరీస్. పుణె దగ్గర నారాయణగావ్ వైపు వెళ్తే జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్ ఉంది. ఒక్కొక్కటీ 45 మీటర్ల వెడల్పున్న 30 రేడియో డిష్‌లు. వీలైతే అమ్మాయిని ఒకసారి తీసుకెళ్లి చూపించండి, మీరూ చూడండి. పీహెచ్‌డీ ప్రవేశాలకి జెస్ట్, గేట్, నెట్ లాంటి పరీక్షలు, కొన్ని సంస్థలకి సొంత పరీక్షలు ఉంటాయి. బీటెక్ వాళ్లని నేరుగా తీసుకునే చోట్లు ఉన్నాయి, అయితే అర్హతలు ఏ ఏటి నోటిఫికేషన్‌లో ఆ ఏడు చూసుకోవాల్సిందే. పరీక్షలో అడిగేది మాత్రం క్వాంటమ్ మెకానిక్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్, స్టాటిస్టికల్ ఫిజిక్స్. సీఎస్‌ఈలో వీటి వాసన తప్ప ఏమీ ఉండదు. మొదటి ఏడాదిలో చదివిన ఇంజినీరింగ్ ఫిజిక్స్ ఇక్కడ ఏ మూలకీ చాలదు. కనీసం ఏడాదిన్నర గట్టిగా కూర్చోవాలి.

(ఇంటర్ ఎంపీసీలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట. మీకు ఇంకా సులువైన దారి ఉంది. తిరుపతి ఐసర్, తిరువనంతపురం ఐఐఎస్‌టీ చూడండి. లేదా మంచి బీఎస్సీ చేసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఆస్ట్రానమీ చదవొచ్చు. సీఎస్‌ఈ తీసుకుని తరవాత ఇటు తిరుగుదామనుకోవద్దు.)

విదేశాల విషయానికొస్తే, మన ఇళ్లలో అమెరికా అనగానే బ్యాంకు లోను, ఎంఎస్ గుర్తొస్తాయి. ఇది ఆ లెక్క కాదు. అక్కడ పీహెచ్‌డీకి డిగ్రీ తరవాత నేరుగా తీసుకుంటారు. సీటు వస్తే ఫీజు యూనివర్సిటీదే, పైగా స్టైపెండ్ ఇస్తారు. సీట్లు తక్కువ, పోటీ చాలా ఎక్కువ, పైగా ఈమధ్య అక్కడ పరిశోధన నిధుల విషయంలో అనిశ్చితి ఉంది. రిసెర్చ్ అనుభవం, తెలిసిన ప్రొఫెసర్ ఇచ్చే రికమండేషన్ లేకుండా అప్లికేషన్ ఫీజులు తగలేయకండి. అదే ఖగోళశాస్త్రంలో ఎంఎస్‌కి అప్పు చేసి పంపమని అడిగితే నేను వద్దంటాను.

కూడు సంగతి. మన దేశంలో పీహెచ్‌డీ చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, తరవాత 42,000. హాస్టల్ లేకపోతే అద్దె భత్యం అదనం. క్యాంపస్‌కి వచ్చి వందల మందిని ఒకేసారి తీసుకునే కంపెనీల్లో ఫ్రెషర్ల చేతికి వచ్చేది ఇంతకంటే పెద్ద ఎక్కువేం కాదు. తేడా అయిదేళ్ల తరవాత తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ స్నేహితురాలు ఫ్లాట్ కొనుక్కునే వేళకి మీ అమ్మాయి థీసిస్ రాస్తుంటుంది. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆ తరవాత రెండు మూడేళ్ల చొప్పున ఒకటో రెండో పోస్ట్‌డాక్‌లు (తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), అవీ ఏ దేశంలో దొరికితే అక్కడ. పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్ఫై మూడు, ముప్ఫై అయిదు. అదీ అందరికీ రాదు. పీహెచ్‌డీ చేసినవాళ్లలో ప్రొఫెసర్లయ్యేది కొద్దిమందే. ఇది మీకు తెలియాలి, ఆమెకీ తెలియాలి.

రేవడి భయం మాత్రం ఈ కాంబినేషన్‌లో తక్కువ. గోల మధ్య సన్నని సంకేతం పట్టుకోవడం, తన ఫలితం ఎంతవరకు నమ్మొచ్చో లెక్కగట్టి చెప్పడం నేర్చినవాళ్లని బ్యాంకులు, మెడికల్ ఇమేజింగ్ కంపెనీలు, టెక్ కంపెనీలు తీసుకుంటూనే ఉన్నాయి. అందుకే ప్లేస్‌మెంట్లకి కూర్చోమనండి, అందులో తప్పేం లేదు. ఆఫర్ చేతిలో పెట్టుకుని చివరి ఏడాదిలోనే పరీక్షలు రాయమనండి. ఉద్యోగంలో చేరి తీరిగ్గా చదువుతానంటే మాత్రం నమ్మకండి. అలా చెప్పి మళ్లీ పుస్తకం తెరిచినవాళ్లు నాకు తెలిసి ఇద్దరే.

పెళ్లి గురించి నేను చెప్పడం బాగుండదు. ఒకటి మాత్రం అంటాను. ఆ ఊరూ ఈ ఊరూ తిరగాల్సిన పదేళ్ల సంగతి దాచి సంబంధం చూడకండి. మొదటి మాటలోనే చెప్పండి.

ఇక ఇప్పుడు చేయాల్సింది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చేయించండి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని చేస్తే, నా సలహాలు పది విన్నదానికంటే ఎక్కువ తెలుస్తుంది. అది వచ్చేలోపు ఆ పల్సర్ల డేటాసెట్, జెస్ట్ పాత పేపర్ ఒకటి ఆమె ముందు పెట్టండి. నెల గడువివ్వండి. గడువయ్యాక రెండే అడగండి. నీ మోడల్ వదిలేసిన పల్సర్లు ఎందుకు వదిలేసింది? ఈ పేపర్‌లో ఒక్క లెక్కయినా సరదాగా అనిపించిందా? ఆమె ఏమన్నదో నాకు రాయండి, ప్లేస్‌మెంట్ల సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.