లెక్కల అరుగు: 7 రాసిన బాబు తప్పు చేశాడా?

ప్రశ్న: టీచరు గారూ, మా బాబు రెండో తరగతి చదువుతున్నాడు. మొన్న వర్క్‌షీటులో 1, 2, 4 అని ఇచ్చి పక్కన ఖాళీ వదిలారు. వీడు 7 రాశాడు. 8 రావాలంటూ ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టారు. అప్పటి నుంచి ‘నాకు లెక్కలు రావు’ అని పుస్తకం ముట్టడం లేదు. ఇంట్లో నేను ఎలా నేర్పాలో చెప్పండి.
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: అమ్మా, ‘ఈ 7 ఎలా వచ్చింది నాన్నా?’ అని బాబును ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. ఈ రోజే అడగండి. కోప్పడుతున్నట్టు కాదు, తెలుసుకోవాలని ఉన్నట్టు అడగండి.

నాకు తోస్తున్నది ఇది. ఒకటికి 1 కలిపితే 2. రెండుకు 2 కలిపితే 4. నాలుగుకు 3 కలిపితే 7. ప్రతిసారీ కలిపేది ఒకటి చొప్పున పెరుగుతోంది. వాడు ఇలా ఆలోచించి ఉంటే 7 తప్పు కాదు. దాని తర్వాత 11, ఆ తర్వాత 16 వస్తాయి. ప్రశ్న ఇచ్చినవాళ్ళు ప్రతి అంకెనూ రెట్టింపు చేయాలనుకున్నారు కాబట్టి వాళ్ళకు 8 వచ్చింది. అదీ సరైనదే. మూడంకెలు మాత్రమే ఇచ్చి వదిలేస్తే రెండు దారులూ తెరిచే ఉంటాయి. అందులో పిల్లవాడి నేరం ఏముంది?

ఒకవేళ వాడు ఊరికే తోచింది రాశానన్నా ఫర్వాలేదు. చింతగింజలు తీసుకుని ఇద్దరూ కింద కూర్చోండి. ఖాళీ డబ్బాలో ఒక గింజ వేయించండి. తర్వాత ఒకటి, ఆ తర్వాత రెండు, ఆ తర్వాత మూడు. వేసిన ప్రతిసారీ డబ్బాలో ఎన్నయ్యాయో చెప్పించండి. 1, 2, 4, 7 అని వాడి నోటే వస్తుంది.

ఇక 8 సంగతి. మీ ఇంట్లోనో అత్తగారింట్లోనో పాత కొలపాత్రలు ఉంటే కిందికి దింపండి. మా వైపు లెక్కలో రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. సోలతో బియ్యం పోస్తూ ఒక్కో పాత్రా నింపమనండి. తవ్వకు 2 సోలలు, మానికకు 4, అడ్డకు 8, కుంచానికి 16. మన పెద్దవాళ్ళు వంటింట్లో పెట్టుకుని వాడిన వరస ఇది. బియ్యం కాస్త కింద పోతాయి, పోనివ్వండి. కొలపాత్రలు లేకపోతే గ్లాసు, చెంబు, గిన్నెతో మొదలుపెట్టండి. ఏ పాత్రకు ఎన్ని గ్లాసులు పడతాయో ముందు ఊహించి చెప్పమని, తర్వాత పోయించండి.

రెండూ అయ్యాక ఆ వర్క్‌షీటు మళ్ళీ తీసి, ‘నీ దారిలో 7, వాళ్ళ దారిలో 8’ అని చెప్పండి. ఇది వాడికి వినబడటం చాలా ముఖ్యం. వీలైతే టీచరు గారితో కూడా ఒకసారి నెమ్మదిగా మాట్లాడండి. నలభై మంది పేపర్లు దిద్దే చేతికి ప్రతి పిల్లవాడి ఆలోచనా అందదు, ఆ కష్టం నాకు తెలుసు.

నేనూ అలాంటి పొరపాటు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అంబాజీపేట దగ్గర ఒక ఊళ్ళో పనిచేసేదాన్ని. అంకెలు వరసగా చెప్పమంటే ఒక పిల్లవాడు ‘లాభం, రెండు, మూడు’ అని మొదలుపెట్టాడు. క్లాసంతా నవ్వింది. ఒకటి అనడం కూడా రాదా అని నేను గట్టిగా కసిరాను. పలక మీద 2, 4, 6 తర్వాత ఏమిటంటే తల దించుకునేవాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాళ్ళ ఇంటి మీదుగా వెళ్తున్నాను. దింపు తీసిన కొబ్బరికాయలు పెరట్లో రాశిగా ఉన్నాయి. వాళ్ళ నాన్న చేతికొక కాయ పట్టుకుని, జత జతగా అవతలికి వేస్తున్నాడు. పక్కన గొంతుక్కూర్చుని వీడు లెక్క పెడుతున్నాడు: ‘లాభం, రెండు, మూడు...’ ధాన్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’కి బదులుగా మా తాత నోట నేను చిన్నప్పుడు విన్న మాటే అది. తండ్రి ఆగి ‘ఎంతరా?’ అన్నాడు. ‘పద్దెనిమిది జతలు. ముప్పై ఆరు కాయలు’ అన్నాడు వీడు, తల కూడా ఎత్తకుండా. ఇంకో జత పడితే అని నేను అడిగాను. ‘ముప్పై ఎనిమిదండీ.’ నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. మర్నాడు బడిలో అందరి ముందూ ‘లాభం’ అంటే ఏమిటో వాడి చేతే చెప్పించి, కసిరినందుకు తప్పు నాదని ఒప్పుకున్నాను. ఆ తర్వాత వాడి పలక మీద అంకెల పక్కన కాయల బొమ్మలు ఉండేవి. ఆ బొమ్మలు చెరిపేయమని నేను ఎప్పుడూ అనలేదు.

ప్రశ్న: మా మనవరాలు మూడో తరగతి. ముగ్గు వేస్తే ఊళ్ళో అందరూ ఆగి చూస్తారు. లెక్కల పరీక్ష అంటే మాత్రం టెన్షన్‌తో అన్నం తినదు. ఏం చేయమంటారు?
– ఒక అమ్మమ్మ, పి.గన్నవరం దగ్గర లంక ఊరు

జవాబు: అమ్మా, చుక్కలు సరిగ్గా పెట్టి ముగ్గు కలిపే పిల్లకు లెక్కలు రావని నేను ఒప్పుకోను. సందు చుక్క ఎక్కడ పెట్టాలో, ఎదురు చుక్క ఎక్కడ పెట్టాలో చూసీ చూడగానే పట్టేస్తుంది కదా. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

నడిమి వరసలో 7 ఎదురు చుక్కలు పెట్టి, పైకీ కిందికీ 5, 3, 1 వచ్చే ముగ్గు వేయించండి. గీతలు కలపకముందే మొత్తం ఎన్ని చుక్కలో అడగండి. ఒక్కొక్కటీ లెక్కపెడితే 25 అంటుంది. అప్పుడు పైసగం మాత్రం చూడమనండి: 1, 3, 5, 7. ఒక్కో చుక్క మీద ఒక్కో చింతగింజ పెట్టమని, ఆ గింజలన్నీ తీసి పక్కన చదరంగా పేర్చమనండి. నాలుగు వరసలు, వరసకు నాలుగు. ఒక్క గింజ మిగలదు, ఒక్కటి తగ్గదు.

ఇప్పుడు నడిమి వరస వదిలేసి 1, 3, 5 గింజలే పేర్చమనండి. మూడు వరసలు, వరసకు మూడు. 1, 3 మాత్రమే అయితే రెండు రెళ్ళు నాలుగు. ఈసారి 1, 3, 5, 7కు 9 చుక్కల వరస కూడా కలిపితే ఏమవుతుందో మీరు చెప్పకండి. మీకు తెలిసినా చెప్పకండి! అది తనే పేర్చి, ‘అమ్మమ్మా, అయిదు అయిదులు!’ అని పరిగెత్తుకు రావాలి. నా క్లాసులో ఈ ఆట ఆడించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ‘ఎందుకలా?’ అని అడిగేవాళ్ళు. అడిగితే చదరం మూలన ఒక గింజ చూపించండి. దాని చుట్టూ రెండు పక్కలా మూడు గింజలు అతికితే రెండు రెళ్ళ చదరం. ఆ చదరం చుట్టూ అయిదు అతికితే మూడు మూళ్ళది. ప్రతిసారీ రెండు గింజలు ఎక్కువ కావాలి, ఎందుకంటే రెండు పక్కలా ఒక్కో గింజ పొడవు పెరిగింది. మూడో తరగతి పిల్లకు ఇది కళ్ళతో చూస్తే అర్థమవుతుంది, చెబితే అర్థం కాదు.

పరీక్ష ముందు రోజు మాత్రం కొత్తది ఏదీ నేర్పకండి. వేళకు పడుకోబెట్టండి.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్ళు. ఇప్పటి నుంచే నంబర్ల ట్యూషన్‌లో వేయమని చుట్టాలు అంటున్నారు. వేయమంటారా?
– ఒక తండ్రి, కడియం

జవాబు: వద్దండీ. మీరు ఉండేది పూల ఊళ్ళో. సాయంత్రం దండ కట్టేటప్పుడు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. రెండు మల్లెలు, ఒక కనకాంబరం, రెండు మల్లెలు, ఒక కనకాంబరం. నాలుగుసార్లు కట్టాక ఆగి, తర్వాత ఏ పువ్వు అందించాలో పాపనే తీయనివ్వండి. నోటితో కూడా పాడుతూ కట్టండి, ‘మల్లె మల్లె కనకాంబరం’ అని. చేతికంటే ముందు చెవికి పట్టుబడుతుంది.

రెండు మూడు రోజులయ్యాక మీరే కావాలని ఒకచోట మూడు మల్లెలు కట్టేయండి. ‘నాన్నా, ఇక్కడ ఒకటి ఎక్కువైంది’ అని పట్టుకుంటే ఆ పువ్వు పాప చేతే తీయించి, దండ పూర్తి చేసి జడలో పెట్టండి. పట్టుకోకపోతే అలాగే పెట్టేయండి. ఇంకో సాయంత్రం చూసుకోవచ్చు.