పక్క స్థలంలో కట్టడం, మన ఇంట్లో దుమ్ము

ప్రశ్న: గుంటూరులో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. పక్క స్థలంలో నాలుగు నెలలుగా అపార్ట్‌మెంటు కడుతున్నారు. కిటికీలు మూసి ఉంచినా, పొద్దున తుడిచిన ఫ్రిజ్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. అమ్మకు ఉబ్బసం. 14 వేలు పెట్టి ఎయిర్ ప్యూరిఫైయర్ కొన్నాం. మేస్త్రీని అడిగితే ‘మీదేమైనా సొంత ఇల్లా?’ అన్నాడు. పని ఆపించగలమా? మా ఖర్చు రాబట్టగలమా?

జవాబు: ముందు మేస్త్రీ సంగతి. అద్దెకున్నవారికీ ఈ హక్కు ఉంది. ఇంట్లో ప్రశాంతంగా బతకనివ్వని దుమ్ము, పొగ, చప్పుడు మీద దావా వేయడానికి ఆ ఇల్లు మీ స్వాధీనంలో ఉంటే చాలు, పట్టా మీ పేరున ఉండనక్కర్లేదు.

ఇక పని ఆపించడం. ఆ మాట ఫిర్యాదులో రాయకండి. అనుమతి తీసుకుని కడుతున్నవాణ్ని దుమ్ము ఒక్కటే కారణంగా ఆపమంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. ఎలా కడుతున్నాడో అడగండి, అక్కడ దొరుకుతాడు. 2018 జనవరిలో కేంద్రం పర్యావరణ పరిరక్షణ నిబంధనలను సవరించింది. దాని ప్రకారం రాళ్లు, టైల్స్ ఆరుబయట కోయడం, అరగదీయడం నిషిద్ధం. ఇసుక, కంకర రోడ్డు పక్కన పోయకూడదు. పైన టార్పాలిన్ కప్పకుండా బండ్లలో తేకూడదు. గాలిలో ధూళి పరిమితి దాటిన ఊళ్లలో మట్టి కప్పి ఉంచాలి, నీళ్లు చల్లాలి, తీసుకున్న జాగ్రత్తలు జనానికి కనపడేలా బోర్డు పెట్టాలి. గుంటూరు అలాంటి ఊళ్ల కోసం పెట్టిన కేంద్ర స్వచ్ఛ వాయు పథకం జాబితాలో ఉన్న ఊరే. ఆ బోర్డు మీ పక్కన ఉందేమో చూడండి. నా అనుభవంలో ఉన్నది బిల్డరు ఫ్లెక్సీ ఒక్కటే. ఉల్లంఘనకు 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ఇవన్నీ ఫిర్యాదుగా రాసి, వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శికి ఒక ప్రతి, మున్సిపల్ కమిషనరుకు ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి ఇచ్చి మూడింటికీ రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. వీధిలో నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి సంతకాలు పెడితే మరో దారి ఉంది: భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోను ఆశ్రయించడం. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 133వ సెక్షన్ ఇదే. పదిమందికీ ఇబ్బంది కలిగించే దాన్ని తొలగించమని ఆయన ఆదేశించవచ్చు. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. పెద్ద ప్రాజెక్టయితే ఆలోచించండి, మొదటి ఫిర్యాదుకే అంత దూరం వద్దు.

సివిల్ దావా వేయాల్సివస్తే రుజువు ముఖ్యం. అలహాబాదు హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు 1982 లా రిపోర్టుల్లో ఉంది. ఒక డాక్టరు క్లినిక్ పక్కన ఇటుకల పొడి చేసే మిషన్ పెట్టారు. వచ్చిన రోగుల బట్టల మీద ఎర్రటి పొర పేరుకునేది. ఆ దుమ్ము ఆరోగ్యానికి హాని అని, డాక్టరుకు ప్రత్యేకంగా నష్టం జరిగిందని కోర్టు నమ్మింది, మిషన్‌ను ఆపించింది. మీకు ఆ పొర ఫ్రిజ్ మీద ఉంది. రోజూ ఒకే వేళకు ఫోటో తీయండి. ప్యూరిఫైయర్ ఫిల్టరు మార్చినప్పుడు పాతది పారేయకుండా కవరులో పెట్టి తేదీ రాయండి. అమ్మగారి మందుల చీటీలు, డాక్టరు రాసిన కాగితం జాగ్రత్త చేయండి. కోర్టు తరఫున చోటు చూసి నివేదిక ఇవ్వడానికి ఒక లాయరును, అంటే అడ్వొకేట్ కమిషనర్‌ను, వేయమని దావాతోపాటే అడగవచ్చు. ముందు చెప్పకుండా వచ్చేలా చూసుకోండి, లేకపోతే ఆ పూట స్థలమంతా నీళ్లు చల్లి ఉంటుంది.

ఖర్చు రాబట్టడం గురించి: దావాలో కలిపి అడగండి. ఆ 14 వేల కోసమే విడిగా దావా వేస్తే తిరుగుడు ఖర్చు అంతకు మించుతుంది. అయితే నష్టపోయినవాడు తన నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం చేశాడా అని కోర్టు చూస్తుంది. కాబట్టి ఇంట్లో జాగ్రత్తలు పడటం వల్ల మీ కేసు బలహీనపడదు, బలపడుతుంది. చీపురు పక్కన పెట్టి తడిగుడ్డతో తుడవండి, చీపురు దుమ్మును మళ్లీ గాలిలోకి లేపుతుంది. పని జరిగే వేళ ఆ వైపు కిటికీలు మూసి, తెల్లవారుజామున తెరవండి. దోమల మెష్ సన్నటి ధూళిని ఆపదు. ఎయిర్ కూలర్ బయటి గాలినే లోపలికి లాగుతుంది, దాన్ని ఆ వైపు నుంచి తీసేయండి.

స్పీడ్ పోస్టులో లాయరు నోటీసు అందితే చాలామంది బిల్డర్లు ఆకుపచ్చ వల కట్టిస్తారు, అదీ రోడ్డు వైపే. మీ వైపు కూడా కట్టమని నోటీసులోనే రాయించండి. కట్టిన రోజున ఫోటో తీసి ఉంచుకోండి. గోడలు లేచి టైల్స్ కోయడం మొదలయ్యే నాటికి దాన్ని విప్పేస్తారు. రాతి పొడి ఎక్కువగా లేచేది అప్పుడే.